డీఎల్ఎల్ ఒక్కటే దింపుకుంటే తీరదు
ప్రోగ్రామ్ తెరిస్తే ఫలానా డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు నడవడానికి వాడుకునే ఫైల్) లేదని ఎర్రర్ వస్తే, ఆ మిస్సయిన డీఎల్ఎల్‌ని ఏదో సైట్ నుంచి దింపుకుని విండోస్ సొంత ఫోల్డర్ సిస్టమ్32లో పడేస్తే చాలని ఇక్కడ ఒకరు రాశారు కానీ అది మాత్రం చెయ్యకండి బాబూ, నేను ఒకసారి అలాగే చేస్తే ఫైల్ లేదన్న ఎర్రర్ పోయి అప్లికేషన్ సరిగా స్టార్ట్ కాలేదని ఇంకోటి వచ్చి కూర్చుంది, ఎందుకంటే నేను పెట్టింది 32 బిట్ ఫైల్, 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32లో ఉండేవి 64 బిట్‌వి, 32 బిట్‌వేమో సిస్‌వావ్64 అనే ఇంకో ఫోల్డర్‌లో ఉంటాయి (పేర్లు ఎవరు పెట్టారో గానీ తిరగేసి పెట్టినట్టున్నాయి). వీసీరన్‌టైమ్140 అనే డీఎల్ఎల్ లేదంటోందంటే దాదాపుగా విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ (చాలా ప్రోగ్రామ్‌లకి కావాల్సిన మైక్రోసాఫ్ట్ ఫైల్స్ ప్యాకేజీ) లేదనో పాడైందనో, మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఫ్రీగా ఉంది, ఎక్స్86 (32 బిట్‌ది), ఎక్స్64 (64 బిట్‌ది) రెండూ వేసుకోండి. విండోస్ సొంత ఫైల్సే పాడైతే అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow, పాడైన విండోస్ ఫైల్స్‌ని వెతికి బాగుచేసే కమాండ్) కొట్టండి, కాస్త టైమ్ పడుతుంది. అన్నట్టు యాంటీవైరస్ క్వారంటైన్ (అనుమానం వచ్చిన ఫైల్స్‌ని అది విడిగా దాచే చోటు) కూడా ఓసారి చూడండి, మా ఫ్రెండ్‌కి పోయిన ఫైల్ అక్కడే దొరికింది