నారికురుపును మరిచిపోయిన ఫార్వర్డ్

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ వారం మళ్లీ అదే వచ్చింది. "మన తాతలకు టీకాలు లేవు, బోర్లు లేవు, ఫ్రిజ్జు లేదు, మిక్సీ లేదు, యూరియా లేదు. అయినా నూరేళ్లు బతికారు. ఈ మిషన్లు వచ్చాకే రోగాలొచ్చాయి." కింద వరసగా దండాలు. అవేవీ లేని రోజులు ఎట్లుండేవో నర్సంపేట దగ్గరి మా ఊళ్లో నాయినమ్మ నోట విన్నవాణ్ని. అందుకే ఒక్కొక్కటే పట్టుకుంటా.

ముందు నూరేళ్ల మాట. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఇప్పుడది 70కి అటూ ఇటూ. 32 అంటే అందరూ 32కే పోయారని కాదు. ఒకరు ఉయ్యాలలోనే పోయి ఇంకొకరు 64 దాకా బతికితే సగటు 32 అవుతుంది. మా నాయినమ్మకు ఎనిమిది కాన్పులు, దక్కింది నలుగురు. ఆ నలుగుర్ని చూసి "పాతకాలపు తిండి, ఎంత గట్టి మనుషులో" అంటాం. పోయిన నలుగురికి ఒక ఫొటో కూడా లేదు, గ్రూపులో ఎవరు పెడతారు?

టీకాలు లేకున్నా రోగాలు లేవట. మశూచి వస్తే "తల్లి పోసింది" అని గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. బతికి బయటపడ్డవాళ్లకు మొహం నిండా గుంటలు, కొందరికి చూపు పోయేది. 1796లో ఇంగ్లండ్ డాక్టరు జెన్నర్ మొదలుపెట్టిన టీకా ఊరూరికీ చేరాక, మన దేశంలో చివరి కేసు 1975లో కనిపించింది. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. ఇరవై ఏళ్ల పిల్లల్లో అట్లాంటి మొహం ఒక్కటి చూపించండి.

"బావి నీళ్లు అమృతం, బోరు నీళ్లు విషం." అన్నిటికంటే కోపం తెప్పించే వాక్యం ఇదే. మా ఊళ్లో దిగుడుబావి ఉండేది. మెట్లు దిగి, పాదాలు నీళ్లలో పెట్టి బిందె ముంచుకోవాలి. మా తాతకు ఓ ఎండాకాలం మడమ పైన బొబ్బ లేచి పగిలింది. అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టింది. నారికురుపు. చీపురుపుల్లకు చుట్టి రోజుకు ఇంత చొప్పున లాగాలి. తెగిందా, కాలంతా వాచి చీము పడుతుంది. దగ్గర దగ్గర మీటరు పొడవుండే ఆ పురుగు బయటికొచ్చేదాకా తాత నాగలి పట్టలేదు. మంట తట్టుకోలేక కాలు నీళ్లలో పెడితే పురుగు అందులో పిల్లల్ని వదుల్తుంది. వాటిని కంటికి ఆనని నీటిపురుగులు తింటాయి, ఆ నీళ్లు మనం తాగుతాం. ఏడాదికి ఇంకో కాలు. దీనికి మందూ లేదు, టీకా కూడా లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టడం, దిగుడుబావి మానేసి చేతిపంపు కొట్టడం, ఇవే వదిలించాయి. మనం "బోరింగ్" అనే ఆ పంపులో ఇండియా మార్క్ 2 అనే రకం 1970ల్లో షోలాపూర్ పంపును మెరుగుపరిస్తే వచ్చింది, మన దేశంలో తయారైందే. తర్వాత ఎన్నో దేశాలు వాడుకున్నాయి. మన దగ్గర నారికురుపు చివరి కేసు 1996లో, పోయినట్టు ప్రకటించింది 2000లో.

బోర్లతో ఫ్లోరైడ్ బాధ పెరిగింది, నిజం. నల్గొండ వాళ్ల వంగిన కాళ్లు చూసినవాడెవడూ కాదనడు. కానీ పటిక, సున్నంతో ఆ నీళ్లను శుద్ధి చేసే పద్ధతికి పేరే నల్గొండ టెక్నిక్. బావిలోకి మళ్లీ దిగమని ఎవరూ అనలేదు.

ఫ్రిజ్జు గురించి ఎక్కువ చెప్పను. నిన్నటి కూర తినొద్దంటే మానేయండి. టీకా మందుల్లో చాలావాటిని మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫార్వర్డ్ పంపిన మా చిన్నబాపు ఇన్సులిన్ కూడా ఫ్రిజ్జు తలుపులోనే ఉంటుంది.

రోలు, రోకలి వ్యాయామమట. ఆ వ్యాయామం మగవాళ్లు ఎందుకు చెయ్యలేదో! "తొలికోడి కూయకముందే ఇసుర్రాయి ముందట కూసునేదాన్ని బిడ్డా, జబ్బలు పడిపోయేటియి" అనేది నాయినమ్మ. పక్క ఊళ్లో పిండిగిర్ని పడ్డ రోజే జొన్నల గంప నెత్తిన పెట్టుకొని నడిచిందట. మిషన్ వద్దని ఆమెకు ఎవరూ ఫార్వర్డ్ పంపలేదు మరి. అసలు ఇసుర్రాయి మాత్రం చెట్టుకు కాసిందా? రామప్ప చెరువు తూము తనంతట తనే మొలిచిందా? అవీ ఒకప్పటి కొత్త కనిపెట్టుళ్లే.

ఇక తిండి. యూరియా లేని రోజుల్లో మా ఇంట్లో వరన్నం పండుగకే, మిగతా రోజుల్లో జొన్నరవ్వతో వండిన గట్క. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం తిని కదలకుండా కూర్చుంటున్నాం, షుగర్ పెరగడంలో దానికీ వాటా ఉంది. ఇంతవరకు ఫార్వర్డ్‌తో నాకు పేచీ లేదు. ఈ జిల్లాలో నిజంగా గొంతు చించుకోవాల్సిన సంగతి పత్తి మీద కొట్టే పురుగుమందులు. 1997-98లో పంట పోయి, అప్పులు మీద పడి, అదే మందు తాగి ఎందరు రైతులు పోయారో వరంగల్‌లో అందరికీ తెలుసు. ఆ ముక్క ఫార్వర్డ్‌లో ఎక్కడా లేదు, రెండుసార్లు చదివి చూశాను.