ముందు అంబులెన్స్‌కి, ఆ తర్వాతే బంధువులకి

ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకి నాన్న చేతిలోంచి గ్లాసు జారి పడింది. మాట కాస్త తడబడింది, పెదవి ఒక పక్కకి జారినట్టు అనిపించింది. "రాత్రి నిద్ర పట్టలేదమ్మా, అంతే" అన్నారు. మేమూ నమ్మేసి పడుకోబెట్టాం. తర్వాత ఇద్దరు బంధువులకి, తెలిసిన ఒక డాక్టరుగారికి ఫోన్ చేశాం. ఆయన ఎత్తలేదు, ఖాళీ అయ్యాక చేస్తారులే అనుకుని కూర్చున్నాం. ఒంటిగంటకి నాన్నని లేపితే కుడి చెయ్యి లేవలేదు. హాస్పిటల్‌కి చేరేసరికి రెండయింది. అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఈయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి?" ఎనిమిదిన్నర దాకా అని చెప్పగానే ఆమె గడియారం వైపు చూశారు.

ఆ చూపుకి అర్థం తర్వాత తెలిసింది. మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి ఆ గడ్డని కరిగించే మందు ఉంది. మామూలుగా దాన్ని మనిషి చివరిసారి బాగున్న సమయం నుంచి 4.5 గంటల్లోపు ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదని తేల్చుకున్నాక. అంటే స్కాన్‌కి పట్టే సమయం కూడా అందులోంచే పోతుంది. పెద్ద నాళం మూసుకుపోయినవాళ్లలో కొందరికి సన్నని గొట్టం పంపి గడ్డని బయటికి లాగుతారు, అది 24 గంటల దాకా కుదరొచ్చు, కానీ నాన్నది ఆ రకం కాదు. గడ్డ అడ్డుపడి వచ్చే స్ట్రోక్‌లో (పక్షవాతంలో) పెద్ద నాళం మూసుకుపోతే చికిత్స లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు పోతాయని 2006లో లెక్కకట్టారు. ఆ అంకె చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మాకు పక్షవాతం అంటే తెలియక కాదు. ఖాయంగా అదే అని తేలాక పిలుద్దాం అనుకున్నాం, అక్కడే తప్పు జరిగింది. ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చలేరు, ఎంత పెద్ద డాక్టరైనా ఫోన్లో విని తేల్చలేరు. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే, అనుమానం వస్తే చాలు, పిలవండి. తేల్చే పని వాళ్లది.

మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పిలవాల్సిందే. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, ఎందుకంటే తగ్గిపోయింది అసలు స్ట్రోక్‌కి ముందొచ్చే హెచ్చరిక కావచ్చు. అప్పుడు నీళ్లు తాగించకండి, మింగడం దెబ్బతిని ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఛాతీ బిగుసుకుపోయినట్టు ఉండి చెమటలు పట్టినా అంతే. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండానే హార్ట్ ఎటాక్ రావచ్చు, ఆయాసం, వాంతి, దవడలోనో వీపులోనో నొప్పి, అంతే ఉంటుంది, గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. ఊపిరి అందక మాట పూర్తిచేయలేకపోవడం, ఎలర్జీతో నాలుకో గొంతో వాచడం, ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్, గట్టిగా అదిమిపట్టినా ఆగని రక్తం, ఇవన్నీ ఆలోచించే విషయాలు కావు.

"కారుంది కదా, మనమే తీసుకెళ్తే త్వరగా పోతాం" అనే మాట చాలాసార్లు విన్నాను. దారిలో గుండె ఆగితే నడిపేవాళ్లు ఏం చేయగలరు? గుండె ఆగిపోయాక సీపీఆర్ (ఛాతీని నొక్కుతూ ఉండడం), గుండెకిచ్చే కరెంటు షాక్ రెండూ లేకుండా గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. చాలాచోట్ల అంబులెన్స్‌లోనే ఈసీజీ తీసి ముందే హాస్పిటల్‌కి కబురు పంపుతారు, మీరు చేరేసరికి అక్కడ మనుషులు సిద్ధంగా ఉంటారు. పైగా చికిత్స మీరు ఫోన్ చేసిన క్షణం నుంచే మొదలవ్వొచ్చు. మనిషి పలక్కుండా పడిపోయి, ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదు, ఆ సంగతి చెబితే అవతలివాళ్లు ఛాతీ మధ్యలో ఎలా నొక్కాలో చెబుతారు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతు. ఎప్పుడూ నేర్చుకోనివాళ్లు కూడా ఇలా వింటూ చేయగలరు.

జ్వరానికి, కాలు బెణికినందుకు అంబులెన్స్ పిలవమని నేననడం లేదు, ఆ బండి అవసరం ఇంకెవరికో ఉంటుంది. బిల్లు భయం కూడా అబద్ధం కాదు, కొన్ని దేశాల్లో ఆ ఖర్చు నిజంగానే బరువు. కానీ బిల్లు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు, వాయిదాలు అడగొచ్చు. చచ్చుబడిన చేతికి వాయిదాలు లేవు. ఇక "తీరా ఏమీ లేదని తేలితే సిగ్గుచేటు" అంటారు కొందరు. ఏమీ లేదని తేలితే అంతకన్నా మంచి వార్త ఏముంటుంది!

ఫోన్ చేయగానే ముందు అడ్రస్ చెప్పండి, లైన్ తెగిపోయినా బండి బయల్దేరుతుంది. పెట్టేయమనేదాకా పెట్టేయకండి. విదేశంలో ఉండి, టెన్షన్‌లో ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అని ఒక్క మాట చెప్పండి, చాలాచోట్ల దుబాసీని లైన్లోకి తెస్తారు. అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, యూరప్‌లో 112, ఆస్ట్రేలియాలో 000. లాక్ చేసి ఉన్న ఫోన్ నుంచి కూడా ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది, ఇది మీ దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లకి ఒకసారి చూపించండి. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేది వాళ్లే.

మా ఇంట్లో తలుపు పక్కన ఒక కాగితం అంటించి ఉంది. నంబరు, అడ్రస్, నాన్న వేసుకునే మందులు, పడని మందులు. పోయిన నెల మందులు మారాయని దాన్ని మళ్లీ రాయాల్సి వచ్చింది. నేను రాస్తానంటే వద్దని, ఎడమ చేత్తో గంటసేపు కూర్చుని నాన్నే రాశారు.