శాసనంలో నిధి జాడ ఉండదు

“పాత గుళ్ళు, రాళ్ళు అంటూ ఊళ్ళలో తిరిగే చరిత్ర బృందాలతో జాగ్రత్త” అనే సందేశాన్ని ఈ నెలలో నాకు పదకొండు మంది పంపారు. అందులో మా మేనమామ కూడా ఉన్నాడు. ఊరుకుందామనే అనుకున్నాను. పోయిన ఆదివారం ఒక పల్లెలో చెరువు కట్ట మీది రాతి శాసనం చదవడానికి వెళితే, అక్కడి కుర్రవాళ్ళు మా బృందాన్ని అడ్డగించి ఫోనులో చూపించింది కూడా ఇదే. ఇక జవాబు చెప్పక తప్పదు.

ఆ సందేశంలో మొదటి మాట, వీళ్ళంతా పనిలేని రిటైర్డ్ ఉద్యోగులట. కొందరు అవును. తీరిక దొరికాక ఎండలో గుట్టలెక్కడం నేరమా? ఈ మాటను ఇక్కడితో వదిలేద్దాం.

పురావస్తు శాఖ ఉండగా వీళ్ళెందుకని రెండో ప్రశ్న. కేంద్ర శాఖ రక్షణలో దేశం మొత్తం మీద ఉన్న కట్టడాలు సుమారు 3,700. తెలంగాణలో 8. ఎనిమిదంటే ఎనిమిదే! రాష్ట్ర శాఖ జాబితాను కలుపుకున్నా, ఊరి పొలిమేరలో పడి ఉన్న వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి స్మారక శిల), పూడిపోయిన మెట్ల బావి అందులో ఎలా చేరతాయి? అవి అక్కడ ఉన్నాయని ముందు ఎవరో ఒకరు చూసి, కొలిచి, ఫొటో తీసి, అర్జీ పెట్టాలి. ఆ పని చేసేది ఈ బృందాలే. ఇది నిన్న మొన్నటి అలవాటు కూడా కాదు. రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1922లో పుట్టింది. హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు పేరిట వెలసిన పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చు వేసింది. రాయి పగిలినా దాని పాఠం అలాంటి పుస్తకంలో బతుకుతుంది.

అభివృద్ధికి అడ్డుపడతారన్నది మూడోది. హైదరాబాదులోని పాత భవనం ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడతామన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టే కొట్టివేసింది. పిటిషన్ వేయడం పౌరుల హక్కు.

ఇక అసలు విషం నాలుగో మాటలో ఉంది. శాసనం మీద సూర్యచంద్రుల బొమ్మలు ఉంటే అక్కడ గుప్తనిధి ఉన్నట్టట, ఆ గుర్తులు చదవడానికే వీళ్ళు వస్తారట! ఆ బొమ్మలకు అర్థం ఆచంద్రార్కం. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ దానం చెల్లాలని. కింద ఉండేది దాత పేరు, ఇచ్చిన భూమి, దాని హద్దులు, గుడి దీపానికి ఇంత నూనె అన్న లెక్క. చివర, ఈ భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడన్న శాపం. పదిమందీ చదవాలనే ఆ రాయిని నిలబెట్టారు. దాచుకున్న సొమ్ము ఆనవాళ్ళను ఊరందరికీ కనిపించేలా ఎవరైనా చెక్కిస్తారా? కాస్త ఆలోచించండి!

ఈ మాట ఎంత చేటు చేస్తుందో నేను కళ్ళారా చూశాను. మూడేళ్ళ క్రితం ఒక గుట్ట కింది శివాలయంలో నిధి కోసం వచ్చినవాళ్ళు నంది మెడ విరిచి, లింగం కింది పీఠమైన పానవట్టాన్ని పెళ్ళగించి, నిలువెత్తు గొయ్యి తవ్వారు. గొయ్యి పక్కన కోసిన నిమ్మకాయలు, కుంకుమ, విరిగిన గడ్డపార. అడుగున గులకరాళ్ళు తప్ప ఏమీ లేదు. వాన నీరు పునాదిలోకి దిగి ఆ వర్షాకాలంలోనే గర్భగుడి గోడ ఒరిగిపోయింది. వందల ఏళ్ళు నిలిచిన గోడ! నిజంగా ఏదైనా దొరికినా, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నుంచి చట్టం ఉంది. ఈ సందేశాన్ని ముందుకు పంపే ప్రతివాడూ ఇంకొకడి చేతికి గడ్డపార అందిస్తున్నాడు. మామయ్యా, ఈ మాట నీకూ కలిపే చెబుతున్నాను.

ఐదోది, పత్రికల్లో ఫొటోలు వేయించుకుని దొంగలకు దారి చూపిస్తారని. ఇది నిజం. పైన చెప్పిన శివాలయం గురించి, గొయ్యి పడడానికి రెండు నెలల ముందు వార్త రాయించింది మా బృందమే. ఏ రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు వెళ్ళాలో కూడా చెప్పాము. ఆ నంది మెడ విరగడంలో మా వంతు పాపం ఉంది. అప్పటినుంచి దారి వివరాలు శాఖకు, పంచాయతీకి మాత్రమే ఇస్తున్నాము.

మొన్నటి పల్లెలో ఆ కుర్రవాళ్ళను పక్కనే నిలబెట్టుకుని పని చేశాము. రాయిని నీళ్ళతో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో తట్టి, పైన సిరా అద్దాము. నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు తేలాయి. చెరువు పేరు నేను కూడబలుక్కుని చదువుతుంటే, ఫోను చూపించిన కుర్రవాడే సగంలో అందుకుని పూర్తి చేశాడు. వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ ఆ చెరువును అదే పేరుతో పిలుస్తారట.