వీధిలోకి ఎవరిని రానివ్వొద్దట?

ఆదోని వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఈ వారమంతా ఒకటే మెసేజ్. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లే, అదీ బాధ. అందులో ఉన్నది ఇది: కర్నూలు ఎండలకు డెంగీ, చికున్‌గున్యా దోమలు బతకవు, ఇవి కోస్తా జబ్బులు. మిరపకోతలకు గుంటూరు, కట్టడాల పనికి బెంగళూరు పోయొచ్చిన కూలీలే మోసుకొస్తున్నారు కాబట్టి వాళ్లను పది రోజులు వీధిలోకి రానివ్వొద్దు. మురుక్కాలవలో బ్లీచింగ్ చల్లితే చాలు. ఒకసారి వస్తే మళ్లీ రాదు. చికెన్ మానేయాలి.

చికెన్ సంగతి ముందు తేల్చేద్దాం. కోడికి ఈ కేసుతో సంబంధం లేదు, తినండి. మురుక్కాలవ దోమ వేరు. డెంగీనీ చికున్‌గున్యానీ మోసే దోమ మనం వాడుకోవడానికి పట్టిపెట్టుకున్న నీళ్ల దగ్గరే గుడ్లు పెడుతుంది, పగలే కుడుతుంది. బ్లీచింగ్‌తో కాలవ వాసన తగ్గుతుంది, సంతోషం.

ఇక ఎండ. నడినెత్తి ఎండలో ఏ దోమా తిరగదు, నిజమే. అది మంచం కింద, బాత్రూంలో, తలుపు వెనక తగిలించిన బట్టల్లో చల్లగా కూర్చుంటుంది. పైగా ఒక హద్దు దాకా వేడి పెరిగేకొద్దీ దోమ ఒంట్లో వైరస్ తొందరగా తయారవుతుంది. కరువైతే మరీ మంచిది, దానికి! కుళాయి రోజూ రాని ఊళ్లో ప్రతి ఇంట్లో డ్రమ్ములూ తొట్లూ ఉంటాయి. 2004లో కెన్యా తీరంలోని లాములో చికున్‌గున్యా చెలరేగింది కరువు కాలంలోనే. అక్కణ్నుంచి హిందూ మహాసముద్ర దీవులకూ, మన దేశానికీ పాకింది. 1973లో మహారాష్ట్రలోని బార్షీలో చెలరేగిన తర్వాత మూడు దశాబ్దాలు పెద్దగా కనిపించని జబ్బు, 2005 చివర్లో ఆఫ్రికా రకం వైరస్‌తో తిరిగొచ్చి మొదట పట్టుకున్న చోట్లలో మన రాయలసీమ ఒకటి. 2006లో ఆ జబ్బు కీళ్ల నొప్పులతో గోడలు పట్టుకుని నడిచిన పెద్దలను అడగండి, కోస్తా జబ్బో కాదో చెబుతారు.

కూలీల మాట దగ్గరే నాకు ఓపిక పోతోంది. ఒకటి ఒప్పుకుంటాను, ఊరూరికీ వైరస్‌ను మోసేది ఎక్కువగా మనుషులే. ఈ దోమ బతికినంత కాలం తిరిగినా కొన్ని వందల మీటర్లు దాటదు, బస్సెక్కేది మనమే. 2007లో ఇటలీలోని ఒక పల్లెకు చికున్‌గున్యా చేరింది కేరళ నుంచి వెళ్లిన ఒక ప్రయాణికుడితోనే. అక్కడ దోమలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి రెండు వందల మందికి పైగా పడకేశారు. సరే, మరి కూలీలే ఎందుకు? బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మీ అబ్బాయి శనివారం రాత్రి బస్సు దిగుతాడు గదా, అతన్ని ఏ పొలిమేరలో ఆపుదాం? హైదరాబాద్‌లో పెళ్లి చూసుకొచ్చిన మీ ఇంటిల్లిపాదినీ? డెంగీ సోకినవాళ్లలో చాలామందికి జ్వరమే రాదు, వాళ్లను కుట్టినా దోమకు వైరస్ అంటుతుంది. మొహం చూసి కనిపెట్టే యంత్రం గ్రూప్ అడ్మిన్ దగ్గరుంటే చెప్పండి. ఈ మెసేజ్ వల్ల జరిగేది ఒక్కటే: వెలి వేస్తారన్న భయంతో జ్వరమొచ్చిన కూలీ ఆసుపత్రికి పోకుండా దాచుకుంటాడు.

అందరినీ ఆపేశారనుకుందాం. డ్రమ్ము లోపలి గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. వైరస్ ఉన్న తల్లి పెట్టిన గుడ్లలో కొన్నింటికి అది పుట్టుకతోనే రావచ్చు. శుక్రవారం డ్రై డే అని నీళ్లు పారబోసి ఫొటో పెడితే చాలదు, పీచుతో గోడలు గట్టిగా రుద్దాలి.

చివరిది, ఒకసారి వస్తే మళ్లీ రాదట. చికున్‌గున్యా వరకు ఇది చాలావరకు నిజమే, అర మార్కు ఇవ్వొచ్చు. డెంగీలో నాలుగు రకాలున్నాయి. వచ్చిన రకం మళ్లీ రాదు గానీ మిగతా మూడూ రావచ్చు. రెండోసారి వేరే రకం పట్టుకుంటే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. పోయినేడు డెంగీ వచ్చి తగ్గినవాళ్లెవరైనా ఈ మెసేజ్ చూసి ధీమాగా ఉంటే, మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కూడా దోమతెర కట్టుకోమని చెప్పండి.