‘బిహార్ బిడ్డ’ అంటే సరిపోతుందా?

కరీబియన్ ద్వీప దేశం ట్రినిడాడ్ అండ్ టొబాగో ప్రధానమంత్రి కమలా ప్రసాద్ బిసెసర్ గురించి మన దేశంలో వచ్చే వార్తలు చాలావరకు బిహార్‌లోని బక్సర్ జిల్లా భేలూపుర్‌లో మొదలై అక్కడే ముగుస్తుంటాయి. 2012 జనవరిలో ఆమె పూర్వికుల ఊరు చూడటానికి వచ్చినప్పుడూ, 2025 జులైలో ప్రధాని మోదీ ఆ దేశ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వెళ్లి ఆమెను ‘బిహార్ బిడ్డ’ అని సంబోధించినప్పుడూ ఇదే వరుస. భారత్ నుంచి వెళ్లి 1845 మే 30న ట్రినిడాడ్‌లో ఫతెల్ రజాక్ ఓడ దిగిన ఒప్పంద కూలీల వారసులు ఆ దేశాన్ని ఏలే స్థాయికి ఎదగడం చూసి గర్వపడటంలో తప్పు లేదు. ఆ గర్వం ఆమె పాలన గురించి అడగాల్సిన ప్రశ్నలను మింగేయడమే మా అభ్యంతరం.

ఆమె వంశం పేరు చెప్పుకొని పైకొచ్చిన మనిషి కాదు. మాజీ ప్రధాని, పార్టీ వ్యవస్థాపకుడు బాస్‌దేవ్ పాండేను 2010 జనవరిలో పార్టీ అంతర్గత ఎన్నికల్లోనే ఓడించి, అదే ఏడాది మే నెలలో ఆ దేశపు తొలి మహిళా ప్రధాని అయ్యారు. 2015లో అధికారం పోయాక పదేళ్లు ప్రతిపక్షంలో ఉండి, 2025 ఏప్రిల్ 28 ఎన్నికల్లో 41 స్థానాలకు 26 గెలిచి తిరిగి వచ్చారు.

2012 పర్యటనలోనే జైపుర్ సభలో ఆమె నాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ పాదాలకు నమస్కరించారు. మన కంటికి అది పెద్దల పట్ల వినయం. స్వదేశంలో మాత్రం, ఒక స్వతంత్ర దేశ ప్రధాని పరాయి దేశాధినేత ముందు వంగవచ్చునా అని విమర్శలు చెలరేగాయి. ఆఫ్రికన్, భారతీయ మూలాల వారు దాదాపు సరిసమానంగా ఉండి, ఓట్లు కూడా చాలావరకు ఆ గీత మీదే చీలే దేశంలో ఆ నమస్కారం రాజకీయం కాకుండా ఉండదు. మనం మురిసిపోయిన దృశ్యమే అక్కడ ఆమెకు చిక్కు తెచ్చిపెట్టింది.

జమైకా తొలి మహిళా ప్రధాని పోర్షియా సింప్సన్ మిల్లర్‌కు ఇందుకు విరుద్ధమైన అనుభవం ఎదురైంది. పేద కుటుంబం నుంచి వచ్చిన ఆమె మాటతీరునూ చదువునూ ఎద్దేవా చేసినవారు తక్కువేమీ కాదు. వెటకారమైనా ముద్దుచేయడమైనా మహిళా నేత నిర్ణయాలను చర్చకు రానివ్వకపోవడంలో ఒకటే.

2025 సెప్టెంబరులో, వెనెజువెలా నుంచి మాదకద్రవ్యాలు తెస్తోందంటూ అమెరికా ఒక పడవపై దాడి చేసి పదకొండు మందిని చంపినప్పుడు కమల దాన్ని స్వాగతించారు. స్మగ్లర్లందరినీ హింసాత్మకంగా చంపేయాలని కూడా అన్నారు. కరీబియన్ దేశాల కూటమి తమ ప్రాంతం శాంతి మండలంగా ఉండాలని ప్రకటిస్తే, ట్రినిడాడ్ ఆ ప్రకటనతో గొంతు కలపలేదు. ఇటు చూస్తే, ట్రినిడాడ్ తీరం నుంచి వెనెజువెలా అతి దగ్గరి చోట సుమారు 11 కిలోమీటర్లే. తరిగిపోతున్న సహజవాయువు ఉత్పత్తికి ఆసరాగా ట్రినిడాడ్ ఆశపెట్టుకున్న డ్రాగన్ క్షేత్రం ఉన్నదీ వెనెజువెలా జలాల్లోనే. అక్టోబరులో ఆ దేశ పార్లమెంటు ఆమెను అవాంఛిత వ్యక్తిగా ప్రకటించింది. అదే నెలలో అమెరికా చేసిన మరో దాడిలో తమ వాడు చనిపోయాడని ట్రినిడాడ్‌లోని లాస్ క్యూవాస్ అనే జాలరి పల్లెలోని ఒక కుటుంబం వాపోయింది. ఆమె మళ్లీ ఢిల్లీకి వస్తే ముత్తాత ఊరి గురించి ఒక మాట అడిగి, ఆ కుటుంబానికి ఏం జవాబిచ్చారని మన విలేకరులు నాలుగు మాటలు అడగాలి.