కార్బూజియే గాజు గోడ, బెజవాడ పడమటి ఎండ

విజయవాడలో తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురికి స్కూల్లో డిజైన్ ప్రాజెక్టు ఇచ్చారు. పేరున్న మోడర్నిస్టు ఆర్కిటెక్టును ఒకరిని ఎంచుకోవాలి, ఆయన పనిని పరిశోధించాలి, ఆ పద్ధతిలో ఒక చిన్న ఇంటికి మోడల్ చేసి చూపించాలి. మంచి ప్రాజెక్టు. ఇలాంటివి ఇప్పుడు వాట్సాప్‌లో అమెరికాలో ఉన్న మామయ్యల దాకా, పిన్నుల దాకా వస్తున్నాయి కాబట్టి ఈ సంగతి ఇక్కడి మన సంఘం పత్రికలో రాయాలనిపించింది.

అమ్మాయి లె కార్బూజియేని ఎంచుకుంది. స్లైడ్లు పంపింది. 1887లో స్విట్జర్లాండ్‌లో పుట్టాడు, అసలు పేరు షార్ల్ ఎదువార్ జానరే, కొత్త వాస్తుకళకు ఐదు సూత్రాలు చెప్పాడు, పారిస్ దగ్గర స్తంభాల మీద తెల్లటి విల్లా సవోయ్ కట్టాడు, మన చండీగఢ్ నగరానికి రూపం ఇచ్చాడు. ఒక్క తప్పు లేదు. అయితే ఆయనకు ఎక్కడ ఎదురుదెబ్బ తగిలింది, తర్వాత ఏం మార్చుకున్నాడు అన్నది ఏ స్లైడ్‌లోనూ లేదు. నా దృష్టిలో ఒక ఆర్కిటెక్టు గురించి పరిశోధన మొదలుపెట్టాల్సింది అక్కణ్ణుంచే.

పారిస్‌లో ఇల్లూ వాకిలీ లేనివాళ్ళ కోసం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ ఒక వసతిగృహం కట్టించింది. పేరు సిటే ద రెఫ్యూజ్, 1933 డిసెంబరులో తెరిచారు. దాని దక్షిణం వైపంతా కార్బూజియే పెద్ద గాజు గోడ పెట్టాడు. తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు. రెండు పొరల గాజు, లోపల యంత్రాలతో చల్లబరిచిన గాలి ఉండాలన్నది ఆయన ఆలోచన. డబ్బు చాలక గాజు ఒక్క పొరతో ఆగింది, చల్లబరిచే యంత్రాలూ రాలేదు. చలికాలం బాగానే గడిచింది. ఎండాకాలం వచ్చేసరికి లోపల ఉన్నవాళ్ళకు ఊపిరాడలేదు. కిటికీలు పెట్టించమని అధికారులు పట్టుబట్టారు, ఆయన చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి కిటికీలు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ గాజు ముందు ఎండను ఆపే కాంక్రీటు అడ్డాలు కూడా వచ్చాయి. పారిస్ ఎండకే ఈ గతి!

అదే మనిషి ఇరవై ఏళ్ళ తర్వాత అహ్మదాబాద్‌లో మిల్లు యజమానుల సంఘానికి భవనం కట్టాడు. 1954లో పూర్తయింది. రోడ్డున్న పడమర వైపు కాంక్రీటు రెక్కలు నిలువుగా, ఏటవాలుగా తిప్పి పెట్టాడు. వాలిపోతున్న ఎండ లోపలికి దూరదు, గాలికి అడ్డు ఉండదు. సబర్మతి ఉన్న తూర్పు వైపు రెక్కలు తిన్నగా ఉంటాయి. ఉత్తర, దక్షిణ గోడలు దాదాపు మూసేసినట్టే. నది మీంచి వచ్చే గాలి భవనంలోంచి దాటిపోతుంది. ఈ రెండు భవనాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు సూత్రాలు బట్టీపట్టినదాని కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇదంతా ఫోన్లో చెప్పి, "మీ ఇంట్లో పడమటి గది ఎవరిదమ్మా?" అని అడిగాను.

"నాదే మామయ్యా. రాత్రి పదకొండైనా గోడ మీద చెయ్యి పెడితే కాలుతూనే ఉంటుంది."

"కిటికీకి సన్‌షేడ్ ఉందిగా?"

"ఉంది. ఎండ దాని కిందనుంచి వచ్చేస్తుంది."

ఆమె పరిశోధన అక్కడ మొదలైంది. సెలవు రోజున గదిలో ఎండ ఎక్కడి దాకా వచ్చిందో గంట గంటకీ సుద్దముక్కతో గీతలు గీసింది. సాయంత్రం సూర్యుడు కిందికి దిగాక అడ్డంగా ఉన్న సన్‌షేడ్ ఎందుకు పనిచేయదో, నిలువు రెక్క ఎందుకు కావాలో ఎవరూ చెప్పకుండానే ఆమెకు అర్థమైంది. ఇంకో సంగతి కూడా గమనించింది. విజయవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారానికల్లా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అంటే రోహిణీ కార్తెలో దెబ్బంతా పడేది స్లాబు మీద. పారిస్ నలభై తొమ్మిదో డిగ్రీ దగ్గర ఉంది, అక్కడి మిట్టమధ్యాహ్నపు ఎండ ఎప్పుడూ దక్షిణం నుంచి ఏటవాలుగానే వస్తుంది. విల్లా సవోయ్ బొమ్మను ఉన్నదున్నట్టు బెజవాడలో దించితే ఏమవుతుందో ఇక వేరే చెప్పాలా? ఆ ఇంటి యజమానులే వర్షానికి పైకప్పు కారుతోందని ఆయనకు ఉత్తరాలు రాశారు.

నన్నడిగితే మన పిల్లలకు చార్లెస్ కొరియా ఇంకా దగ్గర. 1930లో సికింద్రాబాద్‌లో పుట్టినవాడు, 2006లో పద్మవిభూషణ్ అందుకున్నవాడు. మన పక్క స్కూళ్ళలో ఆయన పేరు అరుదుగా వినిపించడం నాకు బాధగా ఉంటుంది. ముంబయిలో ఆయన కట్టిన కాంచనజంగ అపార్ట్‌మెంట్స్ 1983లో పూర్తయింది. అక్కడ సముద్రపు గాలి పడమర నుంచే వస్తుంది, మండే ఎండా అటే, వానజల్లూ అటే. గాలి కావాలి, మిగతా రెండూ వద్దు. మూలల్లో రెండంతస్తుల ఎత్తు వరండాలు పెట్టి ఆ చిక్కు విప్పాడు. పాత బంగళాల వరండాలే ఆయనకు ఆధారం. సత్యనారాయణపురంలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో అరుగూ వసారా మిగిలిన పాత ఇల్లు ఒక్కటి చూసొచ్చిన పిల్లకు కొరియా వెంటనే అర్థమవుతాడు.

ఇప్పుడు మన సంగతి. గొల్లపూడిలోనో గోరంట్లలోనో మనలో చాలామంది ఇళ్ళు కట్టిస్తున్నాం. ఎలివేషన్ బొమ్మలు, అంటే ఇల్లు బయటికి ఎలా కనిపిస్తుందో చూపించేవి, ఫోన్‌కి వస్తాయి, ముందంతా గాజు ఉన్నది నచ్చిందంటాం. మిషిగన్ చలిలో గాజులోంచి ఎండ లోపలికి వస్తే ప్రాణం లేచొస్తుంది, అది ఇక్కడి న్యాయం. అక్కడ ఆ ఇంట్లో ఉండేది డెబ్బై దాటిన అమ్మా నాన్నా. కర్టెన్లు తియ్యరు, ఏసీ ఆపలేరు, కరెంటు పోతే టెన్షన్. పైగా వాస్తు ప్రకారం పెద్దవాళ్ళ పడకగది నైరుతి మూలన వస్తుంది, అంటే పడమటి ఎండ నేరుగా తగిలే చోట. వాస్తు మానమని నేననను. ఆ పడమటి గోడకు కిటికీ చిన్నది పెట్టించండి, దాని ముందు నిలువు రెక్కలు కట్టించండి, కుదిరితే వసారా దించండి. ఎలివేషన్‌కి ఓకే చెప్పే ముందు సెక్షన్ డ్రాయింగ్, అంటే ఇంటిని నిలువుగా కోసి లోపల చూపించే బొమ్మ, పంపమని అడగండి. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో బాణం గుర్తులతో చూపించమనండి. చూపించలేకపోతే ఇంకొకరిని వెతుక్కోండి.

మన సంఘానికి నాదొక ప్రతిపాదన. కృష్ణా, గుంటూరు జిల్లాల స్కూళ్ళలో ఇలాంటి ప్రాజెక్టులకు ఏటా బహుమతి పెడదాం. షరతు ఒక్కటే: ఎంచుకున్న ఆర్కిటెక్టు కట్టిన ఒక భవనంతో పాటు తమ ఊళ్ళో ఒక ఇంటిని కూడా ఎండకూ గాలికీ కొలిచి చూపించాలి. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, అక్కడి విద్యార్థులను న్యాయనిర్ణేతలుగా రమ్మని అడుగుదాం. మొదటి ఏడాది బహుమతి ఖర్చు నేను పెట్టుకుంటాను. ఆసక్తి ఉన్నవాళ్ళు కార్యవర్గానికి పేర్లు ఇవ్వండి.