కవరులో కట్టిన ప్రొటీన్ పొడిని నమ్మమంటున్న సందేశానికి జవాబు

కావలిలో ఉండే బాబాయి పంపారు. నెల్లూరులో మా అపార్టుమెంటు గ్రూపులో వచ్చింది. ఉదయం నడకలో కలిసే మిత్రులు పంపారు. చివరికి డిగ్రీలో రసాయనశాస్త్రం చదివిన స్నేహితుడు కూడా ‘అందరికీ పంపండి’ అని తన వంతు మాట చేర్చి మరీ పంపాడు. ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

చూడనివారి కోసం ఆ సందేశంలో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. ఒకటి, ప్రొటీన్ పొడి అంటే స్టెరాయిడే. రెండు, వేరుశనగ, పుట్నాలు, బాదం సమపాళ్లలో పొడి కొట్టుకుంటే డబ్బాపొడికి సమానం, పైగా చవక, క్యాలరీలు తక్కువ. మూడు, పిల్లలకు పాలలో కలిపే మాల్ట్ పొడి కూడా అదే పని చేస్తుంది. నాలుగు, కంపెనీ డబ్బాలో ఉండేదీ, కవరులో కట్టి కిలో 600 రూపాయలకు విడిగా అమ్మేదీ ఒకే సరుకు. ఐదు, రాత్రి భోజనం మాని రెండు చెంచాల పొడి తాగితే నెలకు 8 కిలోలు తగ్గుతారు, షుగరు, కిడ్నీ రోగులకు మరీ మంచిది. ఆరు, వేడి చేస్తుంది కాబట్టి ఎండాకాలంలో మజ్జిగతోనే తాగాలి.

మొదటి దానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. పాలు విరిచి జున్నో పనీరో తీశాక మిగిలే నీటిని వడకట్టి ఆరబెడితే వచ్చేది వే ప్రొటీన్. అది పాలలోని పదార్థమే. మొదటి వాక్యంలో స్టెరాయిడ్ అని భయపెట్టి, నాలుగో వాక్యంలో అదే పొడిని కవరులో కొనుక్కోమని చెప్పిన మనిషి తాను రాసింది తానే చదువుకోలేదు. ఆరోదీ అంతే. మజ్జిగతో తాగాలనిపిస్తే తాగండి, నీళ్లతో తాగాలనిపిస్తే తాగండి.

మూడోది తేల్చడానికి డబ్బా వెనక ఉన్న పట్టిక చాలు. చాలా మాల్ట్ పొడులలో 100 గ్రాములకు ప్రొటీన్ 7 నుంచి 12 గ్రాముల లోపే ఉంటుంది, మిగిలినదానిలో అధికభాగం పిండిపదార్థం, చక్కెర. ఇలాంటి వాటిని ఆరోగ్య పానీయాల విభాగంలో పెట్టి అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖే ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది.

రెండోది వినడానికి బాగుంటుంది, అందుకే చాలామంది నమ్ముతున్నారు. వేరుశనగ, పుట్నాలు, బాదం మంచి తిండి, అందులో సందేహం లేదు. కానీ ఆ మూడూ సమంగా కలిపిన పొడి 100 గ్రాములు తీసుకుంటే ప్రొటీన్ సుమారు 23 గ్రాములు, క్యాలరీలు 500కు కాస్త అటూఇటూ. మంచి వే పొడి 30 గ్రాముల కొలతలో 24 గ్రాముల ప్రొటీన్, సుమారు 120 క్యాలరీలు ఉంటాయి. అంటే అదే ప్రొటీన్ కోసం నాలుగు రెట్లకు పైగా క్యాలరీలు మింగాలి. బరువు తగ్గాలనుకునే మనిషికి దీన్ని ‘తక్కువ క్యాలరీల రహస్యం’ అని చెప్పడం అన్యాయం. వేరుశనగలో సగానికి దగ్గరగా ఉండేది నూనె. నూనె తీసే గింజ అని తెలిసిన జిల్లాలలో కూడా ఈ మాట ఎలా చెల్లుతోందో నాకు అర్థం కాదు. చవక అన్న మాటకైతే, బాదం కిలో ధర ఎంతో దుకాణంలో అడిగి రండి.

ఇప్పుడు నాలుగోదానికి వస్తాను. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే.

పనీరు నీటిలో ప్రొటీన్ నూటికి ఒక వంతు కూడా ఉండదు. కిలో వే పొడి తయారు కావాలంటే సుమారు 100 లీటర్ల పనీరు నీటిని సన్నని పొరల గుండా వడకట్టి, ఆరబెట్టాలి. ఆ పొడి కిలో 600 రూపాయలకు, పేరూ తేదీ లేని కవరులో, ఎవరు ఇస్తారు? ఇచ్చేవాడు అందులో ఏమి కలిపి ఇస్తాడు? వెన్న తీసిన పాలపొడి కలిపితే తెల్లగానే ఉంటుంది, పాల వాసనే వస్తుంది. దానిలో ప్రొటీన్ మూడో వంతు, పాల చక్కెర సగం. పిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి కలిపితే ఇంకా చవక. అది తియ్యగా ఉండదు కాబట్టి నాలుకకు దొరకదు, కానీ పంచదార కన్నా వేగంగా రక్తంలో గ్లూకోజును పెంచగలదు. ఈ కవరునే ఐదో అంశంలో షుగరు రోగులకు ‘మరీ మంచిది’ అంటున్నారు.

‘ల్యాబులో పరీక్షించినది’ అని ఆ సందేశంలో ఒక మాట ఉంది. ఏ పరీక్ష? ప్రొటీన్‌ను కొలిచే పాత పద్ధతి 1883లో డెన్మార్క్‌కు చెందిన యోహాన్ కెల్‌డాల్ కనిపెట్టినది. అది ప్రొటీన్‌ను నేరుగా కొలవదు, నైట్రోజన్‌ను కొలిచి 6.25తోనో, పాల పదార్థాలకైతే 6.38తోనో హెచ్చవేస్తుంది. అందువల్ల నైట్రోజన్ ఉన్న చవకరకం పదార్థం ఏది కలిపినా పరీక్షలో ప్రొటీన్ పెరిగినట్టే కనిపిస్తుంది. గ్లైసీన్, టౌరీన్ వంటివి కలిపి అంకెలు పెంచడం ఈ వ్యాపారంలో పాత మోసం. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలలో మెలమైన్ కలిపారు. ప్లాస్టిక్ పళ్లేల తయారీలో వాడే ఆ పదార్థంలో మూడింట రెండు వంతులు నైట్రోజనే. పరీక్షలో ఆ పాలు నెగ్గాయి. ఆ పాలతో చేసిన డబ్బాపొడి తాగిన పసిపిల్లలలో సుమారు 3 లక్షల మంది జబ్బుపడ్డారు, కిడ్నీలలో రాళ్లు వచ్చాయి, ఆరుగురు చనిపోయారు. పొడి రూపంలో ఉన్న ప్రొటీన్‌ను కంటితో, నాలుకతో తేల్చలేమని దీనికి మించిన రుజువు ఏమి కావాలి? అయినా కవరు మీద నమ్మకం ఉంచమంటున్నారు!

ఇక్కడ ఆ సందేశం పక్షాన ఒక మాట ఒప్పుకుంటాను. పెద్ద పేరు, ఎక్కువ ధర ఉంటే మంచిదే అయి తీరుతుందన్న నమ్మకం తప్పని అందులో రాశారు. అది నిజం. కేరళ వైద్యుల బృందం మన దేశంలో అమ్ముడవుతున్న 36 రకాల ప్రొటీన్ పొడులను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించింది. నూటికి సుమారు 70 డబ్బాల మీద రాసిన ప్రొటీన్ వివరం సరిగ్గా లేదు. కొన్నింటిలో రాసినదానిలో సగమే ఉంది. నూటికి 14 వాటిలో బూజు విషాలు కూడా కనిపించాయి. డబ్బా కంపెనీలను వెనకేసుకురావడానికి నేను ఇదంతా రాయడం లేదు. కానీ లేబులు ఉన్న పొడులే ఇలా ఉన్నాయంటే, లేబులే లేని దానిని ఏ ధైర్యంతో తాగుతారు? డబ్బా మోసం చేస్తే అడగడానికి ఒక చిరునామా ఉంటుంది, బ్యాచి నంబరు ఉంటుంది, బిల్లు ఉంటుంది, ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. కవరు మోసం చేస్తే ఎవరిని అడుగుతారు?

ఐదోది. నెలకు 8 కిలోలు. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. 8 కిలోలకు 61,600. వాళ్ల రెండు చెంచాలను 30 గ్రాముల కొలతలు రెండు అనుకుందాం, 240 క్యాలరీలు. రాత్రి 600 క్యాలరీల భోజనం మాని అవి తాగితే రోజుకు మిగిలేది 360. నెలకు 10,800. అంటే కిలోన్నర కూడా కాదు. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లవాడు వేయగలడు.

లెక్క తప్పితే పోయేది ఆశే. రోగులకు చెప్పిన మాట తప్పితే పోయేది ప్రాణం. షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవారు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవారు వైద్యుడికి చెప్పకుండా రాత్రి భోజనం మానేస్తే నిద్రలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇక కిడ్నీ. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలను మితమైన ప్రొటీన్ పాడుచేస్తుందని నేను అనను. కానీ కిడ్నీ జబ్బు ఉండి ఇంకా డయాలసిస్ దాకా వెళ్లని రోగికి వైద్యులు సాధారణంగా ప్రొటీన్ తగ్గించమంటారు, కిలో బరువుకు రోజుకు 0.6 నుంచి 0.8 గ్రాముల దాకా. డయాలసిస్ మొదలయ్యాక అదే రోగికి పెంచమంటారు, 1 గ్రాము, ఆపైన. ఒకే జబ్బుకు రెండు దశలలో రెండు విరుద్ధమైన సలహాలు. ఆ తేడా చెప్పగలిగేది రక్తపరీక్ష చూసిన వైద్యుడు మాత్రమే. ఇక్కడ ‘కిడ్నీ రోగులకు మరీ మంచిది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కనిగిరి, పామూరు వైపు బంధువులున్నవారెవరైనా ఈ సందేశం పంపేముందు ఒక్క నిమిషం ఆగాలి. ఫ్లోరైడ్ నీళ్లతో, కిడ్నీ జబ్బులతో ఇప్పటికే నలిగిన పల్లెలవి. నెలనెలా ఆస్పత్రి ఖర్చుకు అప్పు చేసే మనిషి 600 రూపాయల కవరులో మందు దొరికిందని నమ్మితే ఆ పాపం పంపినవారిది కూడా.

పొడి కొనాలనే అనుకుంటే ధర చూసే పద్ధతి మార్చుకోండి. డబ్బా ధరను అందులోని మొత్తం ప్రొటీన్ గ్రాములతో భాగించండి. కిలో 2,400 రూపాయలు, 30 గ్రాములకు 24 గ్రాముల ప్రొటీన్ అయితే మొత్తం 800 గ్రాములు, గ్రాము 3 రూపాయలు. 3 కిలోల డబ్బా చవకగా కనిపిస్తే అది బరువు పెంచే మాస్ గెయినర్ కావచ్చు, అందులో ఎక్కువభాగం మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటుంది. తగ్గాలనుకుని దాన్ని కొన్నవారు ఉన్నారు. పదార్థాల జాబితాలో మొదటి పేరు వే ప్రొటీనే కావాలి, 100 గ్రాములకు ప్రొటీన్ 75కు తగ్గకూడదు. 30 గ్రాముల కొలతకు 130 క్యాలరీలు దాటితే పక్కన పెట్టండి. గ్లైసీన్, టౌరీన్ విడిగా కలిపినట్టు రాసి ఉంటే అనుమానించండి. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు లేకపోతే తిరిగి ఇచ్చేయండి. పాలు పడక కడుపు ఉబ్బేవారు పాల చక్కెర దాదాపు తీసేసిన ఐసొలేట్ రకం చూడాలి, లేదంటే సోయా, బఠాణీ ప్రొటీన్ తీసుకోవచ్చు.

అసలు పొడి ఎందరికి అవసరం? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవారికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలు, 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు. కండలు పెంచడానికి ప్రొటీన్ పొడుల జోలికి వెళ్లవద్దని 2024 మార్గదర్శకాలలో ఆ సంస్థే చెప్పింది. అయితే మన కంచంలో ఆ 50 కూడా చాలా ఇళ్లలో రావడం లేదు. గుట్టగా అన్నం, దాని మీద పలుచని పప్పుచారు, చివర మజ్జిగ. జనం ఇలాంటి సందేశాల వెంట పడటానికి ఈ లోటే కారణం. నమలలేని, ఆకలి తగ్గిన పెద్దవారికి, శాకాహారం తప్ప ముట్టనివారికి మంచి పొడి ఒక కొలత మేలు చేస్తుందని నేను నమ్ముతాను.

మిగిలినవారికి కొట్టులో దొరికేదే ఎక్కువ. మీల్ మేకర్ 100 గ్రాములలో 50 గ్రాములకు పైగా ప్రొటీన్, 345 క్యాలరీలు. కిలో 150 రూపాయలకు దొరికితే గ్రాము ప్రొటీన్ 30 పైసలు. గుడ్డు 7 రూపాయలైతే గ్రాము రూపాయి పావలా లోపే. రొయ్యలైతే 100 గ్రాములకు సుమారు 20 గ్రాముల ప్రొటీన్, 100 క్యాలరీలు, అంటే క్యాలరీల లెక్కలో వే పొడికి సమానం. చెరువుల నిండా రొయ్యలు పెంచి విదేశాలకు పంపే జిల్లాలో ఉండి, ప్రొటీన్ కోసం పేరులేని కవరు వెతకమంటున్నారు. నూనె తగ్గించి వేయించుకోండి, లేదా చింతపులుసులో వేసుకోండి. ధర తక్కువ ఉన్న రోజున కొనండి.